బ్లెండర్ మూత ఎగిరి చెయ్యి కాలింది, పరిహారం వస్తుందా?

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. శ్రీకాకుళంలో ఒక షాపులో చిన్న బ్లెండర్ కొన్నాను. తెచ్చిన రోజే ఎలా ఉందో చూద్దామని మా ఆవిడ, ఉండలు కట్టిన చోడి (రాగి) అంబలిని పొయ్యి మీంచి దించి అందులో పోసి తిప్పింది. మూత ఎగిరిపడి చెయ్యి, మెడ కాలాయి. షాపుకి వెళ్తే ‘మీకు వాడడం రాదు’ అని అందరి ముందూ నవ్వారు. ఆ అవమానం మరిచిపోలేకపోతున్నాం. ఇది జరిగి 20 నెలలైంది. కంపెనీ ‘పరిశీలిస్తున్నాం’ అని మెయిళ్లు పెడుతోంది. బిల్లు, ఆసుపత్రి చీటీ ఉన్నాయి. పెట్టె, పుస్తకం పారేశాం. అంబలి చల్లారిందే, మోటారు పేలింది అని రాస్తే కేసు గట్టిగా ఉంటుందని బంధువులంటున్నారు. 5 లక్షలు అడగొచ్చా?

జవాబు: షాపువాళ్ల నవ్వు సంగతి వదిలేయండి. కేసు తేలేది ఒక్క ప్రశ్న దగ్గరే: వేడివి పోయొద్దని కంపెనీ మీకు చెప్పిందా, లేదా? మూత బిగించిన జార్‌లో వేడి పదార్థం గిర్రున తిరిగితే ఆవిరి ఒక్కసారిగా పెరిగి మూతను తోసేస్తుంది. అందుకే చాలా బ్లెండర్ల పుస్తకాల్లో ఆ హెచ్చరిక ఉంటుంది. మీ దాంట్లోనూ ఉంటే, వస్తువును తప్పుగా వాడారంటూ వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 87వ సెక్షన్ చూపించి షాపువాడు తప్పించుకోవచ్చు. లేకపోతే 84వ సెక్షన్ కింద తయారీదారు జవాబు చెప్పాలి. ‘అందరికీ తెలిసిన ప్రమాదమే కదా’ అని కంపెనీ వాదిస్తుంది. పల్లెలో మొదటిసారి బ్లెండర్ ముట్టుకున్న మనిషికి అది తెలిసి ఉండాలనడం నాకైతే సబబుగా లేదు.

అలాంటి పుస్తకాన్ని చెత్తలో పారేశారు! చదివి పారేసినా ఇప్పుడు జవాబు తెలిసేది. కంపెనీ వెబ్‌సైట్‌లో అదే మోడల్ పుస్తకం ఉంటే దించుకుని, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన ధ్రువపత్రంతో దాఖలు చేయండి. అమ్మేటప్పుడు షాపువాడు ‘వేడివీ వేసుకోవచ్చు’ అని వాట్సాప్‌లో ఎక్కడైనా రాశాడేమో వెతకండి. ఆ ఒక్క మెసేజ్ దొరికితే, సొంతంగా హామీ ఇచ్చినందుకు 86వ సెక్షన్ కింద అతన్నీ పట్టుకోవచ్చు.

బంధువుల సలహా మాత్రం వినకండి. చల్లటి అంబలి చెయ్యి కాల్చదు. వేడి అంబలి పడి కాలిందని చీటీలో ఉంటే, మీ అబద్ధం మొదటి వాయిదాలోనే బయటపడుతుంది. చీటీ దిద్దించారా, అది ఫోర్జరీ, క్రిమినల్ కేసు.

ఇక ఫిర్యాదు వేసే గడువు. ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్లు, అంటే మీకు నాలుగు నెలలే మిగిలాయి. కంపెనీ మెయిళ్లు గడువును పొడిగించవు. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలుంది గానీ, మెయిళ్ల కోసం ఎదురుచూశామంటే, కేసు వినే వినియోగదారుల కమిషన్ ఒప్పుకుంటుందన్న నమ్మకం లేదు.

మీరు ఉండేది ఈ జిల్లాలోనే కాబట్టి కంపెనీ ఎక్కడున్నా శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయవచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. బిల్లు మీ పేరున ఉన్నా, మీ అనుమతితో వాడిన మీ ఆవిడ కూడా చట్టం దృష్టిలో వినియోగదారే. గాయపడింది ఆవిడ కాబట్టి ఫిర్యాదు ఆవిడ పేరునే ఉండాలి. బ్లెండర్‌ని ఎవరి చేతా విప్పించకండి, మూత రబ్బరు కూడా తీయకండి. అవసరమైతే కమిషనే ల్యాబ్‌కి పంపుతుంది.

5 లక్షలకు ఆధారం ఏమిటో మీ ఉత్తరంలో కనిపించలేదు. వస్తువు ధర, మందుల బిల్లులు, ఆవిడ పనికి వెళ్లలేని రోజుల కూలి, నొప్పికి కొంత, కేసు ఖర్చులు అడగండి. మందుల బిల్లులైనా ఉన్నాయా, అవీ పారేశారా?