ఆక్సిజన్ మిషన్ ఉన్న ఇంట్లో ముందు ఏ బాకీ కట్టాలి?

ప్రశ్న: మా అత్తగారికి ఊపిరితిత్తుల జబ్బు. రోజులో ఎక్కువ సేపు ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ మీదే ఉంటారు. మావారి ఉద్యోగం పోయి నాలుగు నెలలైంది. కరెంటు బిల్లు మూడు నెలలది బకాయి పడింది, కనెక్షన్ తీసేస్తామని నోటీసు వచ్చింది. క్రెడిట్ కార్డు వాళ్లు, పర్సనల్ లోన్ వాళ్లు రోజూ ఫోన్లు చేస్తున్నారు. చేతిలో ఉన్న కొద్ది డబ్బు ముందు ఎవరికి కట్టాలి?

జవాబు: కరెంటుకే కట్టండమ్మా. వడ్డీ ఎక్కువ ఉన్న బాకీ ముందు తీర్చమని మామూలుగా నేనే చెబుతాను. మీ ఇంట్లో ఆ లెక్క పనికిరాదు. కార్డు కట్టకపోతే వడ్డీ పెరుగుతుంది, క్రెడిట్ స్కోరు పడిపోతుంది. వాటిని తర్వాత సరిచేసుకోవచ్చు. కాన్సన్‌ట్రేటర్ మాత్రం గదిలోని గాలినే వడగట్టి ఇస్తుంది, దానిలో ఆక్సిజన్ నిల్వ ఉండదు. కరెంటు పోయిన క్షణమే అది ఆగిపోతుంది. రోజూ ఫోన్ చేసేవాళ్లకి భయపడి కట్టేసి, ఒక్క కాగితం పంపి ఊరుకున్నవాళ్లని వెనక్కి నెట్టడం చాలా ఇళ్లలో చూస్తుంటాను.

ఈ రోజే ఇంకో పని చేయండి. ఇంట్లో ఆక్సిజన్ మీద ఉన్న మనిషి ఉన్నారని విద్యుత్ సంస్థకి రాతపూర్వకంగా తెలియజేయండి. వాళ్ల రికార్డులో మీ ఇల్లు ఒక సర్వీసు నంబరు, దాని పక్కన ఒక బకాయి మాత్రమే. లోపల మంచం మీద ఎవరున్నారో మీరు చెబితే తప్ప వాళ్లకి తెలియదు. డాక్టరు దగ్గర లెటర్ తీసుకుని జత చేయండి, అందినట్టు రసీదు అడగండి.

ఒకాయన నా ముందు కూర్చుని సంచిలోంచి బాకీల వాళ్లు పంపిన ఆరు కవర్లు తీసి బల్ల మీద పెట్టారు. ఒక్కటీ విప్పలేదు. నాలుగో కవర్లో వాయిదాల్లో కట్టుకోవడానికి దరఖాస్తు ఫారం ఉంది. దాని గడువు అప్పటికే దాటిపోయింది. భయంతో విప్పలేదన్నారు. ఆయన్ని తప్పుపట్టలేకపోయాను.

మీరు ఏ దేశంలో ఉంటున్నారో రాయలేదు. భారతదేశంలో అయితే 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం కనెక్షన్ తీసే ముందు పూర్తిగా 15 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. బిల్లు తప్పని మీరు అభ్యంతరం చెబితే, అడిగిన మొత్తం, గత 6 నెలల సగటు బిల్లు లెక్కన ఒక్కో నెలకి అయ్యే మొత్తం, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది అభ్యంతరం తెలుపుతూనే కట్టాలి. అలా కడితే వివాదం తేలేదాకా తీయకూడదు. రోగులున్న ఇళ్లకంటూ ఆ సెక్షన్‌లో వేరే రక్షణ లేదు, ఉండాలని నా గట్టి అభిప్రాయం. బ్రిటన్‌లో అక్టోబరు నుంచి మార్చి దాకా ఒంటరిగా ఉండే పెన్షన్ వయసు వాళ్ల ఇంటికి బిల్లు కట్టలేదని సరఫరా ఆపకూడదు. ప్రత్యేక అవసరాలున్న వాళ్ల పేర్లు నమోదు చేసుకోవడానికి ఉచితంగా ఒక రిజిస్టరు కూడా ఉంది. ఫ్రాన్స్‌లో నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా బకాయిల పేరుతో ఇళ్లకి కరెంటు తీయకూడదు. కానీ ఈ శీతాకాలపు రక్షణ వల్ల బాకీ మాఫీ కాదు, చలి తగ్గాక అంతా మీద పడుతుంది.

మీది ప్రీపెయిడ్ మీటరైతే ఇంకా జాగ్రత్త. బ్యాలెన్సు అయిపోయి కరెంటు పోతే, డబ్బు లేక మనమే ఆపుకున్నట్టు అవుతుంది. అందుకే రీచార్జి డబ్బుని ఇంటి ఖర్చులో కలపకుండా విడిగా పెట్టండి.

వాయిదాలు అడిగేటప్పుడు మొహమాటానికి పోయి పెద్ద మొత్తం ఒప్పుకోకండి. మావారికి జీతం రాకపోయినా ఇంత కట్టగలను అనిపించే అంకె చెప్పండి. ఒక వాయిదా తప్పితే ఒప్పందం రద్దు కావచ్చు, రెండోసారి వాళ్లు అంత తేలిగ్గా వినరు. కార్డు వాళ్లకి కూడా ఉద్యోగం పోయిన సంగతి మెయిల్‌లో రాసి గడువు అడగండి. బిల్లు కట్టడానికి లోన్ యాప్ మాత్రం ముట్టుకోవద్దు.

కరెంటు ఎందుకు పోయినా సరే, అత్తగారి కోసం ఇంట్లో ఒక ఆక్సిజన్ సిలిండరు ఉండాలి. ఆవిడకి పెట్టే లీటర్ల లెక్కన అది ఎన్ని గంటలు వస్తుందో డాక్టరుని అడిగి, కాగితం మీద రాసి సిలిండరుకే అంటించండి.