17 అడుగులా, 18 అడుగులా?

డాలస్‌లో ఉంటూ, ఇద్దరు పిల్లలతో లేక్ లూయిస్‌విల్, లేక్ ఫోర్క్‌లలో బాస్ చేపల వేటకు 17 అడుగుల అల్యూమినియం బోటు తీసుకోవాలా, 18దా అని అడిగారు కదండీ. నేనైతే 18దే తీసుకోమంటాను, గరాజ్‌లో పడితేనే.

ఆ అడుగు తేడా కన్నా వెడల్పు ముఖ్యం. రెండు బోట్ల బీమ్, అంటే బోటు బాగా వెడల్పుగా ఉన్నచోటి కొలత, ఎంతో చూడండి. అల్యూమినియం బోటు తేలిక, గాలికి త్వరగా పక్కకు కొట్టుకుపోతుంది. లూయిస్‌విల్ లాంటి విశాలమైన నీటిలో మధ్యాహ్నం గాలి లేచి అలలు మొదలైతే, వెడల్పు, బరువు ఉన్న బోటే నిలకడగా ఉంటుంది. పిల్లలు ఒకే పక్కకు వంగినా టెన్షన్ ఉండదు. ఫోర్క్‌లో నీటిలో నిలిచిన చెట్ల మోడుల మధ్య మాత్రం 17 అడుగులది సులువుగా తిరుగుతుంది. కానీ అక్కడ ఎలాగూ నెమ్మదిగానే వెళ్లాలి.

తర్వాత బోటుకు బిగించి ఉండే కెపాసిటీ ప్లేట్ చదవండి. ఎంతమంది, ఎంత బరువు, గరిష్ఠంగా ఎంత హార్స్‌పవర్ అన్నీ దాని మీదే ఉంటాయి. 18 అడుగుల దానికి చిన్న మోటారు తగిలించి చవకగా అమ్ముతుంటే వద్దు. నలుగురు ఎక్కితే బోటు ముక్కు పైకి లేచి, ప్లేన్ మీదికి, అంటే వేగం అందుకుని నీటి పైపైన జారిపోయే స్థితికి, రావడానికి తంటాలు పడుతుంది. అలాంటప్పుడు సరైన మోటారున్న 17 అడుగులదే మేలు.

గరాజ్ కొలిచేటప్పుడు బోటు పొడవొక్కటే లెక్కేయకండి. ట్రెయిలర్ ముందు కడ్డీ, వెనక మోటారు కూడా కలపాలి. మడిచే కడ్డీ ఉన్న ట్రెయిలర్ దొరుకుతుందేమో అడగండి.