పద్దెనిమిది రోజుల్లో బెంగళూరు, అనంతపురం

డల్లాస్ నుంచి పద్దెనిమిది రోజులకే వస్తున్నామని, బెంగళూరు మారతహళ్లిలో అమ్మానాన్న, అనంతపురంలో అత్తమామలు, ఎవరి దగ్గర ఎన్నాళ్లుండాలో తేలట్లేదని రాశారు. రోజుల లెక్క కన్నా ముందు ఎక్కడికి వెళ్లాలన్నది తేల్చుకోండి.

నా మాటగా ముందు అనంతపురం వెళ్లండి. దేవనహళ్లి ఎయిర్‌పోర్ట్ బెంగళూరుకి ఉత్తరాన, 44వ నంబరు జాతీయ రహదారి దగ్గరే ఉంది. అనంతపురం కూడా ఆ రోడ్డు మీదే. మారతహళ్లి వెళ్లి మళ్లీ వెనక్కి రావడమంటే ఆ ట్రాఫిక్‌లో పిల్లాడికి నరకం. విమానం అర్ధరాత్రి దిగితే మాత్రం దగ్గర్లో ఎక్కడైనా పడుకుని పొద్దున్నే బయల్దేరండి. ఈ సంగతి అమ్మకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి, దిగాక తెలిస్తే మనసు నొచ్చుకుంటుంది. వీలైతే వాళ్లనే రెండు రోజులు అనంతపురం రమ్మనండి. యశ్వంతపురం నుంచి వందే భారత్ అక్కడ ఆగుతుంది.

మారతహళ్లికి వచ్చిన మర్నాడే నాన్నగారి పరీక్షలు చేయించేయండి. నేనొకసారి మా నాన్న పరీక్షల్ని షాపింగ్, పెళ్లిళ్లు అంటూ చివరి మూడు రోజులకి నెట్టాను. రిపోర్టు నేను విమానం ఎక్కాక వచ్చింది. డాక్టరు ముందు నాన్న ఒక్కరే కూర్చోవాల్సి వచ్చింది. ఆ బాధ ఇప్పటికీ పోలేదండి.

బాబుది అమెరికా పాస్‌పోర్ట్ కాబట్టి ఓసీఐ కార్డో (విదేశీ పౌరసత్వమున్న భారత సంతతి వాళ్లకిచ్చేది), వీసానో లేకుండా విమానం ఎక్కనివ్వరు. అది ఈ వారమే చూసుకోండి.