ప్లేస్‌మెంట్ టెస్ట్ పెట్టి లెక్కల్లో వెనకబడ్డ పిల్లల్ని గ్రూపులు చెయ్యొచ్చా?

ఎవరికి ఎంత వచ్చో చూసి గ్రూపులు చెయ్యడానికే కదా ఈ టెస్ట్, పెట్టండి, తప్పేం లేదు. కానీ "ఎన్ని మార్కుల దగ్గర గీత గియ్యాలి" అని అడిగారు చూశారా, అసలు గొడవంతా అక్కడే ఉందండి. గీత ఎక్కడ గీసినా ఒకటే, ఒకే మార్కులొచ్చిన ఇద్దరికీ ఒకే పాఠం సరిపోదు.

నేను లెక్కలు చెప్తాను, వెనకబడ్డ పిల్లల రెమెడియల్ బ్యాచ్ ఎప్పుడూ నా నెత్తినే పడుతుంది. ఒకసారి సి గ్రూపులో, అంటే అందరికంటే తక్కువ మార్కులొచ్చిన వాళ్లలో, ఒక పాప, ఒక బాబు, ఇద్దరికీ టెస్టులో సమానంగా మార్కులు. పాపని పక్కన కూచోబెట్టుకుని 52లోంచి 27 తియ్యమన్నా. టకామని 35 అని రాసేసింది. ఎలా వచ్చిందమ్మా అంటే, "ఏడులోంచి రెండు పోతే ఐదు, ఐదులోంచి రెండు పోతే మూడు" అంది. అదేంటి, రెండు పైనుంది, ఏడు కిందుంది కదా అంటే, "చిన్నదాంట్లోంచి పెద్దది పోదు కద సార్, అందుకే తిప్పేశా" అంది. ఆ ముక్క కింది క్లాసులో ఎవరో టీచరు చెప్పిందే, పాప తు.చ. తప్పకుండా పాటిస్తోంది, అంతే. సరే అని పుల్లలు పదేసి చొప్పున కట్టలు కట్టి, ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు ఇచ్చి ఇరవై ఏడు తీసెయ్యమన్నా. ఎవరూ చెప్పకుండానే ఒక కట్ట విప్పి, సరిగ్గా తీసి, మిగిలినవి లెక్కపెట్టి ఇరవై ఐదు అంది. మరి పుస్తకంలో 35 ఉందేంటి అంటే కాసేపు రెండూ చూసి, "కట్టలతో అయితే ఇరవై ఐదు సార్, పుస్తకంలో అయితే ముప్పై ఐదు" అంది!

ఇక బాబు సంగతి. తీసివేతలు, భాగహారాలు అన్నీ వచ్చు. లెక్క మాటల్లో ఇస్తే చదవడం రాదు, నేను చదివి వినిపిస్తే నోటితోనే జవాబు చెప్పేశాడు. ఈ ఇద్దర్నీ ఒక గ్రూపులో పడేసి ఎక్కాలు బట్టీ పట్టించమని పైనుంచి ఆర్డరు.

ఇదేం కొత్త విషయం కాదు, 1978లోనే జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే ఇద్దరు పిల్లల తీసివేత తప్పుల మీద పేపరు రాశారు, చాలా తప్పులు ఏదో ఒక తప్పుడు రూలుని పద్ధతిగా పాటించడం వల్లే వస్తాయని. అంటే తప్పు జవాబులోనే మీకు కావాల్సిందంతా ఉంది, మార్కు వేసి దాన్ని మనమే చెరిపేస్తున్నాం. 0.45 కంటే 0.6 చిన్నది అనే పిల్లాడూ అంతే, 45 పెద్దది కదా అని వాడి లాజిక్కు.

ఇంక ఈ ఏ, బి, సి పేర్లు. పువ్వుల పేర్లు పెట్టండి, నక్షత్రాల పేర్లు పెట్టండి, మొద్దుల గ్రూపు ఏదో పిల్లలకి రెండోరోజుకే తెలిసిపోతుంది. అన్నిటికంటే ఘోరం ఏంటంటే జూన్‌లో పెట్టిన టెస్టుతో మార్చి దాకా అదే బెంచీ. మధ్యలో మారుద్దామంటే రిజిస్టరు పాడవుతుందంట!

ప్రథమ్ అనే సంస్థ ఊళ్లలో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ సర్వేలో పిల్లాడిని ఒక్కణ్ణే కూచోబెట్టి అంకెలు గుర్తుపట్టడం, తర్వాత రెండంకెల సంఖ్యలు, అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెల్ని ఒక అంకెతో భాగించడం, ఇలా మెట్టు మెట్టుగా చూస్తారు. చిన్న పరీక్షే, కానీ ఎక్కడ ఆగాడో తెలుస్తుంది. మీరూ పేపరు అయ్యాక తక్కువొచ్చిన వాళ్లతో అలా కాసేపు మాట్లాడండి, ఆగిన చోటుని బట్టి గ్రూపు చెయ్యండి, అది దాటిన రోజే మార్చేయండి. మల్టిపుల్ ఛాయిస్ మాత్రం వద్దు, దిద్దడం ఈజీ అని అందరూ దానికే ఎగబడతారు గానీ ఊహించి పెట్టాడో చేసి పెట్టాడో ఎవడికి తెలుసు. రఫ్ వర్క్ కాగితాలు కూడా పేపరుతో పాటే తీసుకోండి, మా దగ్గర వాటిని గంట కొట్టగానే చెత్తబుట్టలో వేయిస్తారు.