త్రీడీ ప్రింటింగ్ చదువుతానంటోంది, సీటుకు డబ్బు కట్టమంటారా?

ప్రశ్న: మాది చీమకుర్తి. గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని. మా అమ్మాయి ఒంగోలులో ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. త్రీడీ ప్రింటర్‌తో గుండె, కళ్లు కూడా చేస్తున్నారట, అదే చదువుతానని పట్టుబట్టింది. ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు 'బీటెక్ త్రీడీ ప్రింటింగ్' సీటుందని, ఇప్పుడే కడితే ఫీజు తగ్గిస్తామని ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. కట్టమంటారా సార్?

జవాబు: వద్దండీ. ఈఏపీసెట్ ర్యాంకు వచ్చేదాకా ఆగండి. గిరాకీ ఉన్న సీటుకు ఎవరూ అన్ని ఫోన్లు చెయ్యరు.

అమ్మాయి ఆసక్తిని మాత్రం కొట్టిపారెయ్యకండి. మీ దగ్గర బ్లాకును కోసి, అక్కర్లేనిది తీసేస్తే పలక వస్తుంది. త్రీడీ ప్రింటర్ దీనికి రివర్స్: ఏమీ లేనిచోట పొర మీద పొర పేర్చుకుంటూ వస్తువును కడుతుంది. ఒక్కో రోగికి ఒక్కో కొలత కావాల్సిన వైద్యానికి ఇది బాగా పనికొచ్చింది. చెవి మెషిన్ల తొడుగులు ఇప్పుడు చాలావరకు ఇలా చేసినవే. మూర్ఛకు వాడే స్ప్రిటామ్ అనే ప్రింటెడ్ మాత్రకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015లోనే అనుమతి ఇచ్చింది. గుక్కెడు నీళ్లతో నోట్లోనే కరిగిపోతుంది.

గుండె సంగతి వేరు. 2019లో టెల్ అవీవ్‌లో ప్రింట్ చేసిన గుండె కుందేలు గుండెంత ఉంది. కణాలు గుండె కొట్టుకునేటప్పటిలా ముడుచుకున్నాయి గానీ రక్తం పంపు చేసే స్థితి లేదు. 2022లో హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, ఐఐటీ, సీసీఎంబీ పరిశోధన సంస్థ కలిసి కార్నియాను, అంటే కంటి ముందుండే పారదర్శక పొరను ప్రింట్ చేసి కుందేలు కంట్లో అమర్చాయి. మంచి పనే, కానీ అది పరిశోధన. ఆ దారిలో వెళ్లాలంటే పీహెచ్‌డీ దాకా ఓపిక ఉండాలి, ఇంట్లో మీకూ ఉండాలి.

ఇవాళ ఆసుపత్రులకు పనికొచ్చే మనిషి ప్రింటర్ దగ్గర కాదు, దానికి ముందుండే కంప్యూటర్ దగ్గర కూర్చుంటాడు. దవడలో గడ్డ ఉన్న రోగిని తీసుకోండి. సీటీ స్కాన్‌లో కొన్ని వందల పొరల బొమ్మలు వస్తాయి. ఒక్కో పొరలో ఎముక ఎంతవరకు, గడ్డ ఎక్కడిదాకా, నరం ఎటు పోతోంది అని గుర్తిస్తూ రంగు వెయ్యాలి. పంటికి లోహపు క్యాప్ ఉందంటే బొమ్మంతా తెల్లటి చారలు పడుతుంది, అక్కడ సాఫ్ట్‌వేర్ తికమకపడుతుంది, మనిషే చూసి సరిచెయ్యాలి. ఆ ఫైలుతో దవడ నమూనా ప్రింట్ అయితే, సర్జన్ టైటానియం ప్లేటును ముందురోజే దాని మీద వంచి పెట్టుకుంటాడు. ఆపరేషన్ టేబుల్ మీద అంత సమయం మిగులుతుంది. ఫైల్లో రెండు మిల్లీమీటర్లు తేడా వస్తే మాత్రం ప్రింటర్ ఆ తప్పును కూడా శుభ్రంగా అచ్చుకొట్టి ఇస్తుంది.

అందుకే నా ఓటు మెకానికల్ లేదా బయోమెడికల్ ఇంజినీరింగ్‌కే. నన్నడిగితే మెకానికల్ ఇంకా నయం, ఈ రంగం కలిసిరాకపోయినా వేరే ఉద్యోగాలుంటాయి. తర్వాత గేట్ రాసి బయోమెడికల్‌లో ఎంటెక్ చెయ్యొచ్చు. ఆ సబ్జెక్టుకు 2020 నుంచి గేట్‌లో విడిగా పేపరుంది. ఇంటర్న్‌షిప్ కోసం విశాఖలో వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్‌లో కంపెనీలను అడగొచ్చు. అంత చదువు వద్దు, తొందరగా సంపాదించాలంటే డెంటల్ ల్యాబులు చూడండి. క్యాపులు, కృత్రిమ పన్ను బిగించేటప్పుడు డ్రిల్లుకు దారి చూపే ఇంప్లాంట్ గైడ్ల డిజైన్ ఇప్పుడు కంప్యూటర్ మీదే నడుస్తోంది.

ఆ కాలేజీకి ఒకసారి వెళ్లి చూడాలనిపిస్తే ల్యాబ్ తాళం తీయించండి. ప్రింటర్ మీద దుమ్ముందా, పిల్లలు చేసిన వస్తువులున్నాయా చూడండి. షోకేసులో ఏనుగు బొమ్మలు, కీచైన్లు తప్ప ఏమీ లేకపోతే తిరిగొచ్చెయ్యండి.

పరీక్షలు కాగానే అమ్మాయి చేత 3డీ స్లైసర్ అనే సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లో వేయించండి. ఉచితమే. నమూనా స్కాన్లు అందులోనే దొరుకుతాయి. ఒక ఎముకను మొదటి పొర నుంచి చివరి పొర దాకా వేరుచెయ్యమనండి. నాలుగు రోజులకే విసుగొచ్చి మూసేసిందా, ఫీజు కట్టకముందే మీకు సంగతి తెలిసిపోతుంది. అన్నానికి పిలిచినా లేవట్లేదంటే, అప్పుడు కౌన్సెలింగ్‌లో ఏ కాలేజీ ముందు పెట్టాలో మాట్లాడుకుందాం. ర్యాంకు కార్డు తీసుకుని ఇద్దరూ రండి.