రెండు మతాలవారున్న ఊరిలో గొడవలు ముదరకుండా ఆడవాళ్ళు ఏం చేయగలరు?

మీ ఊరిలో రెండు మతాలవారి మధ్య మాటలు తగ్గిపోయాయని, ఆడవాళ్ళం కలిసి ఏమైనా చేయగలమా అని అడిగారు. తప్పకుండా చేయగలరు. అలాంటి ఊరిలోనే ఆరేళ్ళుగా ఇరువైపుల ఆడవాళ్ళం కలిసి పనిచేస్తున్నాం కాబట్టి, చూసినదే రాస్తున్నాను.

ముందు పుకార్ల సంగతి చూడండి. ఒకసారి మా వైపు పిల్లవాడు సైకిల్ మీద నుంచి పడి తల పగిలితే, అవతలివాళ్ళు కొట్టారన్న మాట గంటలోపే ఫోన్లలో ఊరంతా పాకింది. నేనూ, అవతలి మతానికి చెందిన నా స్నేహితురాలూ నేరుగా ఆ ఇంటికి వెళ్ళాం. తలకు కట్టుతో మంచం మీద కూర్చున్న ఆ పిల్లవాడు "బ్రేకు పడలేదు పిన్నీ" అన్నాడు. వాళ్ళమ్మ మాతో బయటికి వచ్చి, గుమిగూడిన మగవాళ్ళ ముందు అదే మాట చెప్పింది. నా స్నేహితురాలు తనవాళ్ళ దగ్గరకు వెళ్ళి, తాను కళ్ళారా చూసినదే చెప్పింది. అక్కడ నేను చెబితే నమ్మేవారు కారు. అప్పటి నుంచి ఎక్కడికైనా ఇరువైపుల నుంచి ఒక్కొక్కరం కలిసే వెళుతున్నాం.

అయితే ప్రతిసారీ పుకారే కాదు. మా కుర్రవాళ్ళు ఒక రాత్రి అవతలివారి ప్రార్థనా స్థలం గోడ మీద బూతులు రాశారు. "మనవాళ్ళ పరువు తీస్తావా?" అని ఇంట్లోనే నన్ను నిలదీశారు. అయినా ఆ కుర్రవాళ్ళ తల్లులను వెంటబెట్టుకొని వెళ్ళి, వాళ్ళు అడగకముందే తప్పు ఒప్పుకొని, ఆ గోడను మేమే కడిగాం. కాసేపటికి లోపలి నుంచి ఒక పెద్దావిడ బకెట్‌తో నీళ్ళు తెచ్చి, ఏమీ మాట్లాడకుండా తానూ ఒక గుడ్డ అందుకుంది. ఆ రోజు నాకు కన్నీళ్ళు ఆగలేదు.

ఇది చిన్న ఊళ్ళకే పరిమితమైన పని అనుకోకండి. 2003లో అంతర్యుద్ధంతో నలిగిపోతున్న ఆఫ్రికా దేశం లైబీరియాలో క్రైస్తవ, ముస్లిం స్త్రీలు తెల్లబట్టలు కట్టుకొని, రాజధాని మన్రోవియాలో అందరికీ కనబడేలా రోజుల తరబడి పక్కపక్కనే కూర్చున్నారు. మరో ఆఫ్రికా దేశం ఘనాలో శాంతి చర్చలు సాగుతూనే ఉంటే, అక్కడి హాలు తలుపులకు అడ్డంగా బైఠాయించారు. ఆ ఆగస్టులోనే ఒప్పందం కుదిరింది. వారిని కూడగట్టినవారిలో ఒకరైన లేమా గ్బోవీ 2011లో నోబెల్ శాంతి బహుమతి పంచుకున్నారు.

కర్రలు, కత్తులు బయటికి వస్తే మాత్రం మధ్యలోకి వెళ్ళకండి, వెంటనే పోలీసులను పిలవండి. సంఘాలు, సమావేశాలు తర్వాత పెట్టుకోవచ్చు. ముందు అవతలి వైపు నుంచి, అర్ధరాత్రి తలుపు తట్టినా తీసే ఒక్క మనిషిని సంపాదించుకోండి. నాకు ఆమె ఆసుపత్రి వరండాలో, ఇద్దరి పిల్లలకూ జ్వరం వచ్చిన రోజున దొరికింది.