విశ్వాసం కోసం బిడ్డను దత్తత తీసుకోవచ్చా?

ప్రశ్న: మాకు తొమ్మిదేళ్ళ బాబు ఉన్నాడు. దిక్కులేని పిల్లలను, విధవరాండ్రను వారి ఇబ్బందిలో పరామర్శించడమే పవిత్రమైన భక్తి అని యాకోబు పత్రికలో చదివినప్పటి నుంచి ఒక పాపను దత్తత తీసుకోవాలన్న భారం నాలో కలిగింది. దేవుని మెప్పు కోసం బిడ్డను తెచ్చుకుంటే ఆ బిడ్డకు న్యాయం చేయలేమని మా వారు అంటున్నారు. ఆయన మాట నిజమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ వారి అభ్యంతరాన్ని అవిశ్వాసంగా కొట్టివేయకండి, అందులో సగం నిజం ఉంది.

క్రైస్తవులు ఈ పనికి పూనుకోవడం నిన్నమొన్నటి సంగతి కాదు. అక్కర్లేని శిశువులను ఆరుబయట వదిలివేయడం రోమా సామ్రాజ్యంలో మామూలుగా ఉన్న రోజుల్లోనే సంఘం దానిని పాపంగా ఎంచింది. సభ్యులు నెలనెలా ఇచ్చే కానుకల్లో కొంత తల్లిదండ్రులూ ఆస్తీ లేని బాలబాలికలకు ఖర్చయ్యేదని రెండో శతాబ్దం చివర్లో క్రైస్తవ రచయిత టెర్టూలియన్ రాశాడు. దేవుడు క్రీస్తు ద్వారా మనలను కుమారులుగా స్వీకరించాడని పౌలు ఎఫెసీయులకు రాసిన మాట ఈ ప్రేరణకు మరింత బలమిచ్చింది. అయితే ఆ మాటలో విశ్వాసి దత్తతకు వచ్చిన బిడ్డే తప్ప దత్తత తీసుకున్నవాడు కాడు. మనం దానిని తిరగేసి, మనలను రక్షకుల స్థానంలోనూ పాపను రక్షణ పొందినవారి స్థానంలోనూ నిలబెట్టినప్పుడే చిక్కు మొదలవుతుంది.

జార్జ్ ముల్లర్ అనే క్రైస్తవ సేవకుడు 1836లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో అనాథాశ్రమం తెరిచినప్పుడు, ప్రార్థనకు దేవుడు జవాబిస్తాడని లోకానికి చూపడమే తన మొదటి ఉద్దేశమని దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. మీ వారు భయపడుతున్నది సరిగ్గా ఇలాంటి ఉద్దేశానికే. అయినా ముల్లర్ జీవితకాలంలో 10,000 మందికి పైగా పిల్లలు ఆ ఆశ్రమాల నీడలో పెరిగారు. పేద పిల్లలకు తాహతుకు మించిన చదువు చెప్పిస్తున్నాడని ఆయనను తప్పుపట్టినవారు కూడా ఉన్నారు. ఆశ్రమం నడపడానికి ఆ ఉద్దేశం చాలిందేమో గానీ, ఒక బిడ్డకు తల్లి కావడానికి చాలదు. కొత్తగా వచ్చిన పాప దిండు కింద తిండి దాచుకోవచ్చు, మీ బాబు పుస్తకాలు చింపవచ్చు, ఏడాది గడిచినా మిమ్మల్ని అమ్మా అని పిలవకపోవచ్చు. అటువంటి రోజున దేవుని కోసం నిన్ను తెచ్చుకున్నామనే మాట మీ నోట వస్తే, తాను ఈ ఇంటికి రుణపడి ఉన్నానన్న భావం పాపలో పాతుకుపోతుంది. సంఘంలో సాక్ష్యం చెబుతూ పాపను పక్కన నిలబెట్టి ఆమె పుట్టు పూర్వోత్తరాలు వినిపించడం కూడా నా దృష్టిలో తప్పే. పెద్దయ్యాక ఆ సంగతులు ఎవరికి చెప్పాలో ఆమే నిర్ణయించుకుంటుంది.

ఇంకొక విషయం. మీరు చదివిన వాక్యంలో దిక్కులేని పిల్లల పక్కనే విధవరాండ్రు ఉన్నారు. పొలంలో మరచిపోయిన పనను (కోసిన పైరు కట్టను) తిరిగి తెచ్చుకోకుండా పరదేశులకు, తండ్రిలేనివారికి, విధవరాండ్రకు వదిలేయాలని ద్వితీయోపదేశకాండం ఆజ్ఞాపించింది. అంటే ఆ పిల్లల్లో చాలామందికి తల్లి ఉంది, కరవైనది ఆధారమే. నేటికీ అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఎందరికో తల్లిదండ్రుల్లో ఒకరైనా బతికే ఉంటారు. 2010లో హైతీ భూకంపం తరువాత 33 మంది పిల్లలను అనుమతి లేకుండా సరిహద్దు దాటించబోయి పదిమంది అమెరికన్ క్రైస్తవులు అరెస్టయ్యారు. ఆ పిల్లల్లో చాలామందికి తల్లిదండ్రులు ఉన్నారని తరువాత తేలింది. అందుచేత చట్టప్రకారం దత్తతకు అర్హత పొందిన బిడ్డనే అధికారిక మార్గంలో తీసుకోవాలి. పాస్టర్ గారు చూపించినా, తెలిసినవారు తెచ్చినా నేరుగా తీసుకోకూడదు.

మీ వారు మనస్ఫూర్తిగా ఒప్పుకునే వరకు దరఖాస్తు చేయకండి, మీ బాబుతో కూడా ముందుగానే మాట్లాడండి. ఈలోగా భర్తను కోల్పోయిన ఒక తల్లికి పిల్లల చదువు ఖర్చుల్లో తోడ్పడితే, మీరు చదివిన వాక్యాన్ని పాటించినట్టే అవుతుంది.